నేనెవరో చెప్పు చూద్దాం

ఆసుపత్రికి రోగిని చూడటానికి వచ్చేవాళ్లు మా వైపు రెండు పనులు తప్పకుండా చేస్తారు. బత్తాయిలు తెస్తారు. రోగి ముసలి మనిషైతే మంచం మీదికి వంగి, "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. బత్తాయిలు పక్కనున్నవాళ్లు తింటారు. ప్రశ్నకి మాత్రం రోగే జవాబు చెప్పుకోవాలి.

మా నాయనమ్మ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయింది. దాంతో ఆమె కొట్టు పోయింది. ఈ రెండిటి మధ్య ఏం జరిగిందో రాయడానికి కూర్చున్నాను. నేను సిమెంటు ఫ్యాక్టరీలో కొలత పరికరాలు చూసే ఇంజనీరుని. ఏది ముందు, ఏది వెనక, దేని వల్ల ఏది అని వరసలో పెట్టుకుంటే తప్ప నాకు మనసు కుదుటపడదు. ఈ విషయంలో వరస పెట్టుకున్నాక కూడా కుదుటపడలేదు.

కారంపూడిలో మెయిన్ రోడ్డు మీద, బస్సులు ఆగేచోటికి దగ్గర్లో నాయనమ్మ కిరాణా కొట్టు. వెనకే మా ఇల్లు. తాతయ్య పోయినప్పటి నుంచి కొట్టు ఆమెదే. సరుకు తెప్పించడం, తూచడం, బేరమాడటం, అప్పు అడిగినవాణ్ణి కసిరి మళ్లీ ఇవ్వడం అన్నీ ఆమే. నాన్నకి వెనక సందులో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఆ షాపుని రోడ్డు మీదికి తేవాలని ఆయనకి ఎప్పట్నుంచో కోరిక. అన్నం దగ్గర ఆ మాట రాని వారం ఉండేది కాదు.

"రోడ్డు మీద ఇంత రూము పెట్టుకోని సందులో చస్తన్నా నేను," అనేవాడు నాన్న.

"నీ మందుల కంపులో నా బెల్లం ఎవుడు కొంటాడ్రా? నేను పోయినాక పెట్టుకో. అప్పుడైతే కంపు నాకు తెలవదు," అనేది నాయనమ్మ.

అందరం నవ్వేవాళ్లం. నాన్న కూడా నవ్వేవాడు. అది దెబ్బలాట కాదు. మజ్జిగలోకి ఊరగాయ లాంటిది.

ఒక పొద్దున కొట్టు ముందు నాపరాళ్లు కడుగుతూ ఆమె జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నరసరావుపేటలో ఒక ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆపరేషన్ చెయ్యాలన్నారు. లోపలికి తీసుకుపోయేముందు, ఒంటి మీద ఏమీ ఉండకూడదు, అన్నీ తీసెయ్యండి అని నర్సు చెప్పింది. మా అత్త, అంటే నాన్న అక్క, ఒక స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది. గాజులు తీసింది. కమ్మలు తీసింది. గొలుసు తీసింది. తర్వాత కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవిలో వినికిడి మిషన్. అన్నీ డబ్బాలో వేసి మూత బిగించింది.

"ఆసుపత్రిలో బంగారం నిలవదు. నేను ఇంటికి తీసకపోయి బీరువాలో పెడతా," అని అదే సాయంత్రం కారంపూడి బస్సెక్కింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు సర్జను. ఎముక సంగతి ఆయన చెప్పినట్టే అయింది కూడా. ఎముకతో మాకు ఏ పేచీ లేదు.

మర్నాడు ఆమె కళ్లు తెరిచింది కానీ, మేమున్న చోటికి రాలేదు. కొట్టులో ఉంది. మా కొట్టులో పొట్లాలు కట్టే దారం ఉండ పైన దూలానికి ఒక రేకు డబ్బాలో వేలాడుతుంటుంది. కొస కిందికి ఉంటుంది. నాయనమ్మ తల ఎత్తకుండానే దాన్ని అందుకుని, లాగి, పొట్లానికి చుట్టి, తెంపుతుంది. నా చిన్నప్పట్నుంచీ చూసిన చెయ్యి అది. ఆసుపత్రి మంచం మీద అదే చెయ్యి పైకి లేచి, స్టాండు నుంచి వేలాడుతున్న సెలైన్ గొట్టాన్ని అందుకుంది. లాగింది. దుప్పటి అంచుని మడిచి చక్కగా ముడి వెయ్యబోయింది. సూది ఊడి రక్తం మంచమంతా అయింది.

"ఇదుగో, పట్టుకో. చక్కెర కిందపోసుకుంటావు, జాగ్రత్త," అంది నర్సుతో.

నర్సుకి నవ్వొచ్చింది. నాక్కూడా కొంచెం వచ్చింది. రెండోసారి అదే పని చేస్తే నర్సు నవ్వలేదు. గాజుగుడ్డ తెచ్చి నాయనమ్మ రెండు చేతులూ మంచం కమ్మీలకి కట్టేసింది. ఆమె మంచి మనిషే. వార్డు మొత్తానికి ఒక్కతే. మళ్లీ మళ్లీ సూది గుచ్చడానికి నరం దొరకడం లేదని విసుక్కుంది. చేతులు కట్టినప్పటి నుంచి నాయనమ్మకి భయం పట్టుకుంది. పొద్దుగూకే కొద్దీ ఎక్కువయ్యేది. గోడ మీద ఎలుకలు పాకుతున్నాయనేది. బియ్యం బస్తాలు తడిసిపోతున్నాయి, ఎత్తండి అని అరిచేది. ఉన్నట్టుండి నిద్రపోయేది. లేచాక కాసేపు మామూలుగా నీళ్లు అడిగేది. ఆ కాసేపు చూసి, తగ్గిందనుకునేవాళ్లం. మళ్లీ మొదలయ్యేది.

అప్పుడు మొదలైంది పరామర్శ. కారంపూడి నుంచి, గురజాల నుంచి, సత్తెనపల్లి నుంచి చుట్టాలు, కొట్టు పక్కవాళ్లు, నాన్న షాపుకి వచ్చే రైతులు. నరసరావుపేటలో కోర్టు పని పడ్డవాళ్లు వాయిదా చూసుకుని అటే వచ్చేవాళ్లు. ఎవరొచ్చినా మొదటి మాట అదే.

"అత్తా, నేనెవరో చెప్పు."

"పిన్నీ, ఇటు జూడు. గుర్తుపట్టావా?"

"నా పేరేందో చెప్పు మామ్మా. చెప్పలేవా? అయ్యో."

వినికిడి మిషన్ లేదు. కళ్లజోడు లేదు. నోట్లో పళ్లు లేవు కాబట్టి, ఏదైనా చెప్పినా సగం గాలే వచ్చేది. పైనుంచి మసక ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి వంగి ఏదో అంటున్నాయి. ఆమె ఆ ముఖాల వంక చూసి, చాలాసేపు ఆలోచించి, "మినప్పప్పు లేదమ్మా, రేపు వచ్చుద్ది," అనేది.

గురజాల చుట్టం ఒకాయన తలకొట్టుకున్నాడు. "ఏందబ్బాయ్, ఇంత పెద్ద మనిషి ఇట్టయిపోయింది! మా ఇంట్లో పెళ్లికొచ్చినప్పుడు వడ్డన దగ్గర నిలబడి వంటోళ్లని ఆడించిందే. ఇంక లాభం లేదు. తలకెక్కింది."

"మత్తు ఎక్కువిచ్చారంటలే," అంది ఆయన భార్య.

"మత్తు గాదు, వయసు. ఇది మొదలైతే ఆగదు." అని ఆయన బత్తాయి ఒలుచుకున్నాడు.

ఈ పరీక్షలో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది నాన్న. ఆయన్ని ఆమె కొన్నిసార్లు గుర్తుపట్టేది, కొన్నిసార్లు పట్టేది కాదు. ఒక సాయంత్రం మంచం చుట్టూ ఊరివాళ్లు చాలామంది ఉండగా ఆయన వంగి, గట్టిగా, "అమ్మా, నేనెవర్ని?" అన్నాడు.

నాయనమ్మ కళ్లు చిట్లించి చూసింది. "నువ్వా? నా కొట్టు కాజెయ్యడానికి వచ్చినోడివి. తెలవదనుకున్నావా? బయటికి నడువ్," అంది. పళ్లు లేకపోయినా ఆ మాటలు అందరికీ స్పష్టంగా వినిపించాయి.

ఎవరో నవ్వారు. ఎవరో "ఛ, ఛ, పాపం" అన్నారు. నాన్న వరండాలోకి వెళ్లి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాన్న ఏడవటం నేను అంతకుముందు చూడలేదు. ఆయన ఆమెకి చెంచాతో జావ పట్టాడు, పక్కగుడ్డలు మార్చాడు, రోజూ ఆసుపత్రి బెంచీ మీదే ఉన్నాడు. ఇదంతా రాయకుండా మిగతాది రాస్తే లెక్క తప్పుతుంది. నాన్న దొంగ అయ్యుంటే నాకు పని సులువయ్యేది.

మర్నాడు రౌండ్స్‌కి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఎముకల డాక్టరు కాదు, జ్వరాలు, బీపీలు చూసే డాక్టరు. కట్టేసిన చేతుల వంక చూసి, ముందు ఆ గుడ్డలు విప్పించింది. తర్వాత మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పింది. దీన్ని డెలీరియం అంటారట. మతిమరుపు జబ్బు వేరు, ఇది వేరు. మతిమరుపు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. ఇది ఉన్నట్టుండి వస్తుంది, రోజులో పెరుగుతుంది, తగ్గుతుంది. ఆసుపత్రిలో చేరిన ముసలివాళ్లకి బాగా ఎక్కువ. చాలామందికి కారణం సరిచేస్తే తగ్గిపోతుంది, కొందరికి కాస్త టైము పడుతుంది.

కారణాలు ఏమిటని అడిగాను. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. మూత్రంలో ఇన్ఫెక్షన్. నొప్పి. ఒంట్లో నీళ్లు చాలకపోవడం. విరేచనం కాకపోవడం. నిద్ర లేకపోవడం. నిద్రకని ఇచ్చే కొన్ని మందులు. కొత్త చోటు. చేతులు కట్టెయ్యడం. మందేదో మారుస్తానంది, మూత్రం పరీక్ష రాసింది. వెళ్తూ వెళ్తూ అడిగింది.

"ఈమెకి చూపు, వినికిడి ఎలా ఉంటాయి మామూలుగా?"

"కళ్లజోడు ఉంది మేడం. చెవి మిషన్ కూడా ఉంది."

"మరి ఏవి?"

ఊరి నుంచి తిరిగొచ్చి మంచం పక్కనే ఉన్న అత్త వంక చూశాను.

"డబ్బాలో ఉన్నయ్," అంది అత్త. "భద్రంగానే ఉన్నయ్."

"డబ్బా ఏది?"

"ఇంటి దగ్గర బీరువాలో. తాళం ఇదుగో నా దగ్గరే ఉంది," అని బొడ్డులోంచి తీసి గర్వంగా చూపించింది.

మా ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర మీటరు తిక్క రీడింగు చూపిస్తే, బట్టీ పేలిపోతోందని ఎవరూ అరవరు. ముందు వైరు ఊడిందేమో చూస్తారు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి కూడా అది తెలుసు. ఇక్కడ వైర్లన్నీ మేమే ఊడదీసి, డబ్బాలో పెట్టి, తాళం వేసి, తర్వాత రీడింగు సరిగా రావడం లేదని వచ్చిన ప్రతివాడి చేతా చెక్ చేయించాం.

తాళం తీసుకుని కారంపూడి వెళ్లాను. కళ్లజోడు, పళ్లు, మిషన్ తెచ్చాను. మిషన్‌లో కొత్త బ్యాటరీ వేశాను. కిటికీ వైపు మంచం అడిగి మార్పించాం. పరామర్శకి వచ్చేవాళ్లని వరండాలోనే ఆపెయ్యమని డాక్టరమ్మ చెప్పింది. వాళ్లు ఆగారు గానీ తలుపు సందులోంచి, "ఇప్పుడన్నా గుర్తుపడతందా?" అని అడుగుతూనే ఉన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది, మందు మొదలుపెట్టారు.

ఒక్కసారిగా ఏమీ కాలేదు. ఎలుకలు ముందు పోయాయి. తడిసిన బస్తాల మాట తర్వాత పోయింది. మధ్యలో ఒక పూట మళ్లీ సెలైన్ గొట్టం వంక చెయ్యి ఎత్తి, తనే ఆపుకుంది, అది దారం కాదన్నట్టు కాసేపు దాని వంకే చూసింది. ఆ తర్వాత ఒక పొద్దున నేను పళ్లు కడిగి ఇస్తుంటే పెట్టుకుని, దవడ ఆడించి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఏందిరా, గడ్డం గీసుకోవా? ఎవురో పోయినట్టు ఆ మొహమేంది? కొట్టు తీస్తన్నారా?"

తియ్యడం లేదన్నాను.

"పాల పొడి డబ్బాలు డేటు అయిపోతయ్ రా. మీ నాన్నకి చెప్పు, ముందు వరసలోయి వెనక్కి వాపసు పంపమని."

ఆ డబ్బాల డేటు నేను ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. ఆమె చెప్పింది నిజం.

నేను సంతోషంగా నాన్నకి చెప్పాను, అత్తకి చెప్పాను, ఊరికి ఫోన్లు చేసి చెప్పాను. అప్పుడు నాకొక సంగతి అర్థమైంది. ఆమె ఫెయిలైన కబురు మాచర్ల దాకా తనంతట తనే పోయింది. తేరుకున్న కబురుని నేను ఇంటింటికీ మోసుకెళ్లినా ఎవరూ దించుకోలేదు. గురజాల చుట్టం ఫోన్లో, "అట్టాగే ఉంటది నాయనా, దీపం ఆరేముందు వెలిగినట్టు," అన్నాడు. బత్తాయిలు తెచ్చినవాళ్లలో మళ్లీ వచ్చి చూసినవాళ్లు లేరు. ఒకసారి చూశారు కదా, మొక్కు తీరింది.

నాన్నకి డాక్టరమ్మ చెప్పిందంతా గుర్తు చేశాను. మతిమరుపు కాదంది, తగ్గుతుందంది, తగ్గింది కూడా.

"డాక్టర్లు ధైర్యానికి అట్టా చెప్తార్రా," అన్నాడు ఆయన. "నన్ను చూసి ఆమె అన్న మాట అందరూ విన్నారు. కన్నకొడుకుని గుర్తుపట్టలేని మనిషిని కొట్టులో కూర్చోబెట్టమంటావా? రేపు తూకంలో తప్పు జరిగితే? ఎవుడన్నా మోసం చేస్తే?"

"అప్పుడు ఆమెకి జబ్బు నాన్నా."

"ఇప్పుడు లేదని నువ్వు చెప్తావా? ఇనుపముక్కలకి మీటరు పెట్టినట్టా?"

డిశ్చార్జి అయి ఇంటికి వచ్చేసరికి కొట్టు తలుపులకి కొత్త తాళం ఉంది. పాత తాళం పోయిందేమో అనుకుంది నాయనమ్మ. వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వెయ్యడం మొదలుపెట్టిన రోజే, లోపలి తలుపు గుండా కొట్టులోకి వెళ్తానంది. అప్పుడు చెప్పాడు నాన్న. రూము తన షాపుకి తీసుకుంటున్నానని, సరుకంతా ఎవరికైనా ఒక్కసారే ఇచ్చేస్తానని. చాలా మెల్లగా, మంచి మాటలతో చెప్పాడు.

"నన్ను అడక్కుండానా?" అంది ఆమె.

"నువ్వు రెస్టు తీసుకోవాలమ్మా."

"నేను కొట్టు ఇయ్యను. కూర్చోని అయినా నడుపుతా. కాటా ముందు కుర్చీ వేయిస్తే చాలు."

"సరేలే అమ్మా, అట్టాగే," అన్నాడు నాన్న.

మా నాన్న, నాయనమ్మ నా ఎరుకలో ఎప్పుడూ మాటకి మాట అనుకునేవాళ్లే. ఆయన అరిస్తే ఆమె అరిచేది. ఆరోజు ఆమె అరిచింది, ఆయన అరవలేదు. సరే, సరే అంటూ దుప్పటి సర్దాడు. ఇంట్లో అందరూ అదే నేర్చుకున్నారు. అన్నంలో ఉప్పు తక్కువైందంటే సరే అనేవాళ్లు. ఫ్యాను తగ్గించమంటే సరే అని, తగ్గించేవాళ్లు కాదు. అత్త అయితే పొద్దున్నే కాఫీ ఇస్తూ, "ఇయ్యాల ఏ వారం అమ్మా?" అని అడిగేది. చెప్తే "భలే చెప్పావే" అని మెచ్చుకునేది. ఒకరోజు నాయనమ్మ, "ఏమే, నీకు వారాలు తెలవకపోతే క్యాలెండరు చూసుకో," అంది. అత్త వంటింట్లోకొచ్చి, "ఇయ్యాల కొంచెం తిక్కగా ఉంది, ఎవురూ కదిలించబాకండి," అని చెప్పింది.

సరుకు చూడటానికి సత్తెనపల్లి నుంచి ఒక కిరాణా వ్యాపారి వ్యాను వేసుకుని వచ్చాడు. నాన్న తాళం తీశాడు. నాయనమ్మ వాకర్ తోసుకుంటూ వచ్చి లోపలి గుమ్మం దగ్గర నిలబడింది. నేను కుర్చీ వేస్తే కూర్చుంది. బస్తాలు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. ఆమె చూస్తూ కూర్చుంది. మూలనున్న కందిపప్పు బస్తాల దగ్గరికి కూలీలు వచ్చినప్పుడు మాత్రం చెయ్యెత్తింది.

"అడుగుది ఎత్తబాకండయ్యా. అది పురుగు పట్టింది. వాపసు పంపాలని పక్కన పెట్టా. ఆయనకి అంటగడితే మాట పోద్ది."

వ్యాపారి ఆగి ఆమెని, తర్వాత నాన్నని చూశాడు.

"అదేం లేదండీ," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "ఆపరేషన్‌లో కాస్త మతి తప్పింది. మీరు కానియ్యండి."

వ్యాపారి ముఖం మీదికి ఒక జాలి వచ్చింది. మేమంతా బాగా ఎరిగిన జాలి. ఆయన నాయనమ్మ ముందుకొచ్చి, వంగి, గొంతు పెంచి, "మామ్మగారూ, నేనెవర్నో తెలుసా?" అన్నాడు.

"తెలవదు," అంది నాయనమ్మ. "నిన్ను ఇయ్యాలే గదయ్యా చూడటం. నువ్వెవురో నాకెట్టా తెలుసుద్ది?"

ఆయన నిలబడి, అర్థమైందన్నట్టు నాన్న వంక చూసి తలూపాడు.

నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆ అడుగు బస్తా మూతి కుట్టు లాగేశాను. పప్పులో చెయ్యి పెట్టి పిడికెడు తీసి కాటా పళ్లెంలో పోశాను. పురుగులు పప్పులోంచి పైకొచ్చి పళ్లెం అంచుల దాకా పాకాయి. కూలీలు చూశారు. వ్యాపారి చూశాడు. నాన్న చూశాడు.

ఇప్పుడు ఏదో ఒకటి జరుగుతుందని నేను ఎదురుచూశాను. కొలత సరైనదని తేలాక పరికరాన్ని తిరిగి దాని చోట పెట్టడం నాకు తెలిసిన పద్ధతి.

"నిజమే," అన్నాడు వ్యాపారి. "మామ్మగారికి బాగానే గుర్తుంది."

"అప్పుడప్పుడు బాగానే మాట్లాడుద్ది," అన్నాడు నాన్న.

ఆ బస్తా పక్కన పెట్టి మిగతావి ఎక్కించారు. చెక్క అరలు, సీసాలు, కాటాతో సహా. వ్యాను పోయాక నాన్న వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"పదమ్మా, ఎండొస్తంది. లోపలికి పోదాం."

"నాకేం గాలేదురా. నేను బాగున్నా," అంది నాయనమ్మ.

"అవునమ్మా. బాగున్నావు," అన్నాడు ఆయన, పసిపిల్లకి చెప్పినట్టు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత వాకర్ మీద చేతులు పెట్టి లేచింది. ఆరోజు నుంచి కొట్టు మాట ఎత్తలేదు. ఇంట్లోవాళ్లు దానికి కూడా తల ఊపుకుంటున్నారు. అంత పట్టుదలగా అడిగిందా, చూడు, అదీ మరిచిపోయింది పాపం, అంటున్నారు.